ఖాళీ డబ్బా ఆత్మకథ

నేను ఐదు లీటర్ల రేకు డబ్బాను. ఏ కార్ఖానాలో పుట్టానో గానీ, బుద్ధి తెలిసింది బేగంబజార్‌లోనే. నూనె అయిపోయాక నన్ను మసూర్ పప్పు బస్తాల పక్కకు నెట్టేశారు. ఒకరోజు ఇద్దరు కాలేజీ పిల్లలొచ్చి "భయ్యా, ఖాళీ డబ్బా ఉందా?" అనడిగారు. "ఖాళీ డబ్బాకు పైసలేంది బేటా, తీస్కపో" అన్నాడు సేటు.

నా పక్కకు చిల్లు పొడిచి, లోపల ఐదుంపావు సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టారు. మూతి కోసి అల్యూమినియం రేకు గరాటు తొడిగారు. అలా నన్ను ఆకాశం వినే యాంటెన్నాను చేశారు. హైడ్రోజన్ వదిలే 21 సెంటీమీటర్ల తరంగాన్ని 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ మొదటిసారి పట్టింది ఇలాంటి గరాటుతోనే. దానిది ప్లైవుడ్ ఒళ్లు, రాగి తాపడం. మా వంశానికి అదే పెద్దదిక్కు.

ఆ రాత్రి మిద్దె మీద నన్ను పాలపుంత వైపు తిప్పితే ల్యాప్‌టాప్ తెర మీద చిన్న మూపురం లేచింది. అది ఆ హైడ్రోజన్ తరంగమే. 1420 మెగాహెర్ట్జ్‌కు కాస్త పైకి జరిగితే వాయువు మనవైపు వస్తున్నట్టు, కిందికి జరిగితే దూరమవుతున్నట్టు. అంత దూరపు నడక నా రేకు ఒంట్లోంచి తెలిసింది!

పాలపుంత దాటి వినే శక్తి నాకు లేదు. మిగతాది ఆ ఇద్దరిలో అమ్మాయి చదివి వినిపించింది. లెంటిక్యులర్ గెలాక్సీలుంటాయట, అచ్చం మసూర్ గింజ ఆకారం. లెన్స్ అంటే లాటిన్‌లో ఆ గింజే. వాటిలో కొత్త నక్షత్రాలు పుట్టడం అరుదు. వాయువు అయిపోయిన ఖాళీవని చాలాకాలం అనుకున్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోప్‌తో వీటినీ, దీర్ఘవృత్తాకారపు వాటినీ కలిపి 166 గెలాక్సీలు వెతికారు. కన్యారాశి గెలాక్సీల గుంపు బయట పదింట నాలుగింటిలో హైడ్రోజన్ దొరికింది. కిక్కిరిసిన ఆ గుంపులో మాత్రం పదింట ఒక్కదానిలోనే. కొన్నిట్లో అది నక్షత్రాల పొలిమేర దాటి వలయంగా తిరుగుతోంది. కొన్నిట్లో నక్షత్రాలకు ఎదురు దిశలో తిరుగుతోంది. పుట్టుకతో ఉన్న వాయువైతే అలా ఎదురు తిరగదు. బయటి నుంచి వచ్చి చేరిందన్నమాట.

వాళ్ల కాలేజీ ప్రాజెక్టుకు మార్కులు పడ్డాయి. నన్ను మెట్ల కింద పడేశారు. రెండు వానాకాలాలు నడిచాయి. గరాటు ఊడింది, అడుగు తుప్పు పట్టింది, నాలో ఎలుక కాపురం పెట్టింది. ఒక్కరూ తొంగి చూడలేదు. చివరికి కబాడీవాడు రాగి తీగ పీకి జేబులో వేసుకున్నాడు. ధర దానికే కదా. నన్ను గోనెలో కుక్కి మళ్లీ బేగంబజార్‌లోనే దింపాడు.

పిల్లలూ, ఇటొచ్చినప్పుడు మసూర్ బస్తాల పక్కన చిల్లున్న డబ్బా కనిపిస్తే అది నేనే. ఐదుంపావు సెంటీమీటర్ల రాగి తీగ తెచ్చుకోండి. చిల్లు ఎక్కడ పొడవాలో వెతుక్కోనక్కర్లేదు.