మిలిటరీ మామ్మగారు

చంద్రపూర్ తెలుగువాళ్లు మూడు రకాలు. ఎన్ని తరాల కిందట వచ్చారో తమకే గుర్తులేక, ఇంటిపేరు చివర ‘వార్’ మాత్రం మిగుల్చుకుని మరాఠీలో కలిసిపోయినవాళ్లు ఒకరు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గుగనుల్లోకి దిగినవాళ్లు ఇంకొకరు. థర్మల్ ప్లాంటుకో, రైల్వేకో, బల్లార్‌పూర్ పేపరు మిల్లుకో ఉద్యోగమ్మీద వచ్చి, రిటైరయ్యాక ‘ఇప్పుడింకెక్కడికి పోతాంలే’ అని ఆగిపోయినవాళ్లు మూడోరకం. ఈ మూడింట్లోనూ ఇమడకుండా మూడింటి మీదా పెత్తనం చేసే మనిషి కాలనీకి ఒకరుంటారు. ఆవిడే మిలిటరీ మామ్మగారు.

గోదావరి వాళ్లకి మామ్మగారు, కరీంనగర్ వాళ్లకి అవ్వ, మరాఠీ పిల్లలకి ఆజీ, దారినపోయే ఫౌజీలకి మాతాజీ. పిలుపు ఏదైనా పలికే గొంతు ఒక్కటే. వీధి ఈ చివర పలికితే ఆ చివర సైకిలు మీద పోతున్నవాడు దిగి నిలబడతాడు.

మా కాలనీకి దక్కినావిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకీ జవాన్లను పంపి, మిలిటరీ మాధవరమని పేరు మోసిన ఊరు. తమ ఊళ్లో పెళ్లిచూపులప్పుడు అబ్బాయికి ఎన్నెకరాలని కాదు, ఏ యూనిట్ అని అడుగుతారని మామ్మగారు గొప్పగా చెప్పేవారు. మామ్మగారి భర్తా జవానే. ఆవిడ పెళ్లి ఆయన సెలవులో అయింది. సెలవు అయిపోయింది. తర్వాత కొన్నేళ్ల కాపురం ఇన్‌లాండ్ కవర్ల మీదే నడిచింది. కవరు మీద ఊరి పేరుండదు, ‘56 ఏపీఓ’ అని మాత్రం ఉంటుంది. అత్తగారికి అది అంతుబట్టేది కాదు.

“ఏమే, ఆ ఏపీఓ ఊరికి గూడెంలో ఏ రైలెక్కాలే?”

“అది ఊరు కాదత్తయ్యా. ఆయనెక్కడున్నారో మనకి తెలియకుండా పెట్టిన అడ్రసు.”

1971 డిసెంబరు యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. ఆయన క్షేమమన్న ఉత్తరం మాత్రం సంక్రాంతి దాటాక గానీ రాలేదు. అన్నాళ్లూ మామ్మగారు ఇంట్లో ఎవర్నీ ఏడవనివ్వలేదట. “ఏడవమని ఆర్డరొస్తే ఏడుద్దాం, అందాకా వడియాలు పెట్టుకుందాం” అని అత్తగారిని డాబా ఎక్కించారట. ఆ ఏడాది పెట్టినన్ని వడియాలు ఇంకెప్పుడూ పెట్టలేదని, రెండేళ్లు తిన్నామని చెప్పేవారు. వింటున్నవాళ్లం నవ్వేవాళ్లం. ఆవిడ నవ్వేవారు కాదు.

ఫ్యామిలీ క్వార్టర్ దొరికాక దేశాటన మొదలైంది. దానికి సాక్షి ఇంట్లో ఉన్న నల్లరేకు ట్రంకుపెట్టె. మూత మీద తెల్లపెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. కింద యూనిట్ చిరునామా, దాన్ని కొట్టేసి ఇంకోటి, దాన్నీ కొట్టేసి మరోటి. పఠాన్‌కోట్, జబల్‌పూర్, తేజ్‌పూర్. పిల్లలూ ఆ వరుసలోనే పుట్టారు. మనవలు పుట్టినరోజు అడిగితే తడుముకునే మనిషి, ఆయన సర్వీసు నంబరు మాత్రం నిద్రలో లేపినా చివరి అక్షరంతో సహా అప్పజెప్పేవారు. పఠాన్‌కోట్‌లో గోంగూర దొరక్కపోతే ఆవకూరలో చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు వేయించి నూరి, ఇదే గోంగూరని పిల్లల్ని నమ్మించారు. పెద్దకొడుకు పదేళ్లొచ్చి సెలవులకి మాధవరం వెళ్లినప్పుడు అసలు గోంగూర తిని, ఇది బాగాలేదన్నాడు.

ఆయన హవల్దారుగా పింఛను పుచ్చుకుని వచ్చాక, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరి చంద్రపూర్ దగ్గర భద్రావతికి వచ్చారు. అక్కడ చాందా ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి ఆయన కాపలా, ఆయనకి ఈవిడ కాపలా. ఊరు చాందా పేరు వదిలేసి చంద్రపూర్ అయి ఎన్నేళ్లయినా ఫ్యాక్టరీ పాతపేరే ఉంచుకుంది. మామ్మగారూ అంతే. కాయితం మీద సర్కారు ఏం రాసుకున్నా తనకి అభ్యంతరం లేదు గానీ, తను మాత్రం చాందాలోనే ఉన్నానన్నారు చివరిదాకా.

ఫౌజులో మగవాడికి రిటైర్మెంటుంది, పెళ్లానికి లేదు. ఆయన రెండోసారీ రిటైరై, మా కాలనీకి వచ్చి యూనిఫాం మడిచి ట్రంకులో పెట్టిన రోజునే ఈవిడ కమాండ్ తీసుకున్నారు. ఆ ఇంట్లో వంటిల్లు లేదు, లంగర్ ఉంది. రాత్రి తొమ్మిది దాటాక వస్తే “లంగర్ బంద్” అనే మాట తప్ప మజ్జిగ చుక్క కూడా దొరకదు. పొద్దున్నే కాఫీకి హాజిరీ ఉంటుంది. వేసవి సెలవులకి వచ్చిన మనవలకి తెల్లారి అయిదింటికి జట్‌పురా గేటు దాకా నడక. చాందాలో మే నెల ఎండ నలభై అయిదు దాటుతుంది కాబట్టి తొమ్మిదిలోపే పనులన్నీ కావాలి, తర్వాత కర్ఫ్యూ. పక్క దుప్పటి మడత సరిగ్గా లేకపోతే రగడా. అంటే పెరట్లో ఉన్న నాలుగు కుండీలకీ ఎవడు దుప్పటి నలిపాడో వాడు నీళ్లు మోయాలి. ఈ శిక్షణలో ఆరితేరిన మనవడొకడు పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా మామ్మగారు ఫోన్ చేస్తే కుర్చీలోంచి లేచి మాట్లాడేవాడు. వీడియో కాల్ కాకపోయినా సరే.

ఇక మందు సంగతి. క్యాంటీన్ కోటా కింద వచ్చే రమ్ము సీసా ఆయన పేరు మీద వచ్చేది, ఆవిడ బీరువాలోకి పోయేది. తాళంచెవి కొంగున. జలుబుకి చెంచాడు, మోకాళ్లకి గుప్పెడు, అంతకుమించి మంజూరు లేదు. 2015 ఏప్రిల్ 1న చంద్రపూర్ జిల్లా మొత్తం మద్యనిషేధం వచ్చినప్పుడు కాలనీలో మగాళ్లంతా డీలా పడ్డారు గానీ, ఆయన ఒక్కరే నిబ్బరంగా ఉన్నారు. ఆయనకది పాత చట్టం. 2021లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. మామ్మగారు ఎత్తలేదు.

ఎత్తినా తాగడానికి ఆయన లేరు. ఆ మధ్యలోనే పోయారు. పదో రోజు దాటగానే మామ్మగారు ఫ్యామిలీ పెన్షన్ కాయితాల యుద్ధంలోకి దిగారు. అసలు శత్రువు అక్కడ బయటపడ్డాడు. ఎప్పుడో యూనిట్‌లో ఒక ఉత్తరాది క్లర్కు పెళ్లి నమోదు చేస్తూ, మన ఇంటిపేరు వరసలు అర్థంకాక, ఇంటిపేరుని మధ్యకి నెట్టి, అసలు పేరుని సగం కోసి, జవాను భార్యలందరికీ తగిలించే అలవాటు ప్రకారం చివర్న ‘దేవి’ చేర్చాడు. ఆధార్‌లో ఒకరు, మిలిటరీ రికార్డులో ఇంకొకరు. “ఆయనకి ఇద్దరు పెళ్లాలన్న సంగతి ఆయన పోయాక గానీ తెలియలేదమ్మా” అని కాలనీ అంతా తిరిగి చెప్పారు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లతో రుజువు చేసేసరికి చాలా నెలలు పట్టింది. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో నూటికి ముప్పై. “కాపురంలో నేను చేసింది ముప్పయ్యేనా?” అని అడిగారు. జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

నవంబరు వస్తే పెన్షనర్లంతా తాము బతికే ఉన్నామని చెప్పుకోవాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ పని వేలిముద్రతో అవుతోంది. ఎన్ని పఠాన్‌కోట్ల, ఎన్ని తేజ్‌పూర్‌ల అంట్లు తోమిన వేళ్లో, గీతలన్నీ అరిగిపోయాయి. కుడిచేతి బొటనవేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. చూపుడువేలూ అంతే. కుడిచెయ్యి అయిపోయాక ఎడమచెయ్యి మొదలుపెట్టారు. కౌంటరు అబ్బాయి ఓపిగ్గానే, “ఆజీ, మెషీన్ మిమ్మల్ని గుర్తుపట్టడంలేదు” అన్నాడు.

“నాయనా, నేను బతికున్నానో లేదో దీన్నెందుకు అడుగుతావు? నన్నడుగు. సావధాన్!”

అబ్బాయి తెలియకుండానే లేచి నిలబడ్డాడట. వెనక క్యూలో ఉన్న మాజీ సుబేదారు ఒకాయన కూడా. ఎనిమిదో వేలికి యంత్రం లొంగింది.

ఆవిడకి చివరి కోరిక ఒకటుండేది, అది లెక్కలకి సంబంధించింది. ఎనభై నిండితే మూల పెన్షన్‌కి ఇరవై శాతం కలుస్తుంది. ఎనభై అయిదుకి ముప్పై, తొంభైకి నలభై, తొంభై అయిదుకి యాభై. నూరేళ్లు నిండితే నూటికి నూరు, అంటే రెండింతలు. “నూరేళ్లు బతకమని అందరూ నోటితో దీవిస్తారు. డబ్బు పెట్టి దీవించేది సర్కారొక్కటే, కాదంటే బాగుండదు” అని మహాకాళి గుడికి వెళ్లినప్పుడల్లా అమ్మవారికి ఆ పట్టిక విడమరిచి విన్నవించేవారు. చైత్రం జాతర రద్దీలో కూడా, వెనకవాళ్లు తోసేస్తున్నా, శాతాలన్నీ పూర్తిగా చెప్పి గానీ కదిలేవారు కాదు.

అమ్మవారు మొదటి మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. ఎనభై నిండటానికి రెండు నెలల ముందు, రాత్రి లంగర్ మూసేసి, దుప్పటి మడతలు సరిచూసి పడుకున్న మనిషి తెల్లారి హాజిరీకి లేవలేదు. వచ్చిన పిల్లలు ముగ్గురూ ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున ఆయన ఉత్తరాలు ఏడాదుల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. ప్రతి కట్ట మీదా చీటీ. తన అంత్యక్రియలకి ఎంతమందికి వండాలో, బియ్యం ఎన్ని కిలోలో, ఏ కొట్లో తేవాలో రాసిన కాయితం అన్నిటికన్నా పైన పెట్టారు. అంచనా తప్పింది. ఆవిడ రాసినదానికి రెండింతల మంది వచ్చారు.

ఇలాంటి మామ్మగారు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో తప్పకుండా ఉంటారు. పతకాలు ఆయన ఫొటో దగ్గర వేలాడతాయి, సర్వీసు మాత్రం ఇద్దరిదీ. ఆవిణ్ని పొగడక్కర్లేదు, పొగిడితే రగడా పెడతారు. చెయ్యాల్సింది ఒక్కటే. ఆయన ఉండగానే పెన్షన్ కాయితాలు తీసి, అందులో ఆవిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. చివర్న ఎవరైనా ‘దేవి’ని తగిలించి ఉంటే ఈ నవంబరులోపే దిద్దించండి.