అన్ని బళ్లకూ సరిపోయే మీటరు

మోటారు సైకిలు మీద నోరు మెదపకుండా పని చేసుకుపోయే వస్తువు ఏదైనా ఉందంటే అది పాత స్పీడోమీటరు. ముందు చక్రం దగ్గర చిన్న పళ్లచక్రం, అక్కణ్నుంచి పైకొచ్చే కేబులు, కేబులు కొసన గిర్రున తిరిగే అయస్కాంతం, దాని లాగుడుకి తనూ తిరగబోయే అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెను వెనక్కి పట్టుకునే సన్నటి స్ప్రింగు. గిన్నెకి ముల్లు తగిలించారు, అయిపోయింది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోయి కిక్కు కొట్టి లేపిన బండిలోనూ ముల్లు లేస్తుంది. ఎన్నేళ్లకో కేబులు తెగితే, బెజవాడ ఆటోనగర్‌లో మనం టీ తాగి వచ్చేలోగా కొత్తది వేసి పంపించేస్తారు.

ఇంత నిక్షేపంగా ఉన్నదాన్ని మనవాళ్లు ఊరికే వదిలేస్తారా? కష్టం లేని చోట కష్టం కొనుక్కోవడానికి డబ్బులు పోగేసి మరీ యూనివర్సల్ డిజిటల్ మీటరు తెప్పిస్తారు.

అట్టపెట్టె మీద రెండు మాటలుంటాయి. ఒకటి ‘ప్లగ్ అండ్ ప్లే’. రెండోది ‘అన్ని బైకులకూ సరిపోతుంది’. పెట్టె విప్పితే ప్లగ్గన్నది మచ్చుకైనా కనపడదు. కొసలు కత్తిరించిన రంగురంగుల వైర్ల గుత్తి, రెండు బుల్లి అయస్కాంతాలు, ఒక సెన్సరు, భూతద్దం పెట్టినా అర్థంకాని చీటీ ఉంటాయి. అన్ని జాతకాలకూ కుదిరే సంబంధం ఒకటి తెచ్చానని పెళ్లిళ్ల పేరయ్య చెబితే గుమ్మంలోంచే పంపించేస్తాం. అన్ని బళ్లకూ కుదిరే మీటరు తెచ్చానని చెబితే మాత్రం ముందే డబ్బు కట్టి, ఎప్పుడొస్తుందా అని వీధిలోకి చూస్తూ కూర్చుంటాం.

మా సందులో ఓ కుర్రాడు తన స్ప్లెండర్‌కి ఆ పని చేశాడు. ఆదివారం పొద్దున్నే హెడ్‌లైటు డూమ్ విప్పి కింద పరిచాడు. చూడ్డానికి ఐదుగురు చేరారు. సలహాలకి ఎనిమిదిమంది.

“వైర్లు ఎలా కలపాలో తెలుసా తమ్ముడూ?” అన్నాడు పక్కింటి ఆటో అతను.

“దాందేముంది అన్నా, రంగుకి రంగు కలపడమే!”

లోకంలో ఉన్న కరెంటు వాళ్లంతా ఒక చోట కూర్చుని రంగులు పంచుకున్నారని మన కుర్రాళ్ల నమ్మకం. ఆ కొత్త మీటరులో నల్ల వైరు ఎర్తు. స్ప్లెండర్‌లాగా హోండా పద్ధతిలో వైరింగు చేసిన బళ్లలో ఎర్తు పచ్చరంగు. నల్లది తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు వచ్చే వైరు. యమహాకి వెళ్తే మళ్లీ నల్లదే ఎర్తు, తాళం కరెంటు గోధుమ రంగులో ఉంటుంది. మనవాడు నలుపుకి నలుపు కలిపి, టేపు చుట్టి, తాళం తిప్పాడు. ఫ్యూజు టప్‌మంది. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. మూడోసారికి సలహాదారుల్లో ఒకాయన ముందుకొచ్చి, ఫ్యూజు బదులు రాగి పోగు మెలేసి పెట్టమన్నాడు. ఇలాంటి సలహా ఇచ్చే మనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. అతని సొంత బండికి మాత్రం ఎప్పుడూ ఫ్యూజే ఉంటుంది. రాగి పోగు పోలేదు. దాని బదులు వైరింగులోంచి పొగలొచ్చాయి.

కాలిన వైరింగు మార్చి, రంగులు సరిచేశాక మీటరు వెలిగింది. నీలం, ఎరుపు, ఊదా, ఏడు రంగుల్లో వెలుగుతుంది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాతే దాని అసలు విద్యలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి.

ఇలాంటి మీటర్లకి చక్రం చుట్టుకొలత మనమే చెప్పాలి. స్ప్లెండర్ సైజు టైరుకి అది దాదాపు 1,880 మిల్లీమీటర్లు. మనవాడు స్కేలు అడ్డంగా పెట్టి వ్యాసం కొలిచి 600 అని కొట్టాడు. దాంతో బండి అరవైలో పోతుంటే మీటరు పందొమ్మిది చూపిస్తుంది. ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు ‘పై’ విలువ ఎందుకు బట్టీ పట్టించారో అప్పుడు తెలిసింది. సరిచేయమంటే అయస్కాంతాల సంఖ్య దగ్గర తప్పు చేశాడు. చక్రానికి ఉన్నవి రెండు, మీటరుకి చెప్పింది ఒకటి. ఇప్పుడు కూరగాయల బజారు మలుపులో కూడా అతను ఎనభైకి తగ్గడు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహనాల నిబంధన, నంబరు 39, చెబుతుంది. కొంత ఎక్కువ చూపిస్తే సర్దుకుంటుంది. రెట్టింపు సంగతి ఆ రాసినవాళ్ల ఊహకి కూడా అందివుండదు.

పెట్రోలు గీతల తమాషా ఇంకా బాగుంటుంది. ట్యాంకులో తేలే బుడ్డి కింద ఒక రెసిస్టరు ఉంటుంది. కొన్ని బళ్లలో ట్యాంకు నిండితే దాని ఓములు తగ్గుతాయి, కొన్నింట్లో పెరుగుతాయి. బండిదొక పద్ధతీ మీటరుది దానికి తిరగబడ్డ పద్ధతీ అయితే ఫుల్ ట్యాంకు కొట్టించి బంకులోంచి బయటికి రాగానే మీటరు ఖాళీ అంటుంది. తిరిగే కొద్దీ ఒక్కో గీతా పెరుగుతుంది. పెట్రోలు ధర చూసి బెంగపడే దేశానికి ఇంతకంటే ధైర్యం చెప్పే యంత్రం లేదు. నిండా గీతలున్న రోజున బైపాసు మీద బండి ఆగిపోతుంది, అంతే తేడా.

ఇంజను చక్కర్ల మీటరు మరొకటి. ఫోర్ స్ట్రోకు ఇంజనుకి స్పార్కు రెండు చక్కర్లకోసారి ఉంటే చాలు. కానీ మాగ్నెటో నుంచి పల్సు అందుకునే బళ్లు చాలావాటిలో చక్కరుకోసారి పడుతుంది. ఆ ముక్క మీటరుకి చెప్పకపోతే బండి నిలబడి పద్నాలుగు వందలు తిరుగుతుంటే ఇరవై ఎనిమిది వందలు చూపిస్తుంది. మిత్రులు దాన్ని చూసి పికప్పు పెరిగిందనే అనుకుంటారు.

ఇక ఇండికేటర్లు. పాత మీటర్లు చాలావాటిలో రెండు వైపులకీ కలిపి ఒకటే బల్బు. అటు కరెంటు వస్తే ఇటు ఎర్తు, ఇటు వస్తే అటు ఎర్తు. అన్నీ ఎల్‌ఈడీలుగా మార్చి, ఆ ఒక్క దీపానికి అదే తీరున కలిపితే, కుడికి వేసినా ఎడమకి వేసినా నాలుగూ ఒకేసారి కొట్టుకుంటాయి. వెనకొచ్చే ఆర్టీసీ డ్రైవరు, ఈ బండి రెండు వైపులకీ ఒకేసారి తిరగబోతోందని గ్రహించి దూరంగా ఆగుతాడు. దీనికి మందు రెండు డయోడ్లు. ఖర్చు ఆటోనగర్‌లో తాగిన టీకంటే తక్కువ. కానీ మందు చెప్పినవాడికి లైకులు రావు.

ఇవి కాక వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఒకటే, ఎర్తు సరిగా లేకపోవడం. పెయింటు మీద, తుప్పు మీద బోల్టు బిగించి ఎర్తు ఇచ్చామనుకుంటారు. ఇండికేటరు కొట్టినప్పుడల్లా మీటరు కూడా తాళం వేస్తూ మసకబారుతుంటే అనుమానం అక్కడే పెట్టుకోవాలి. మల్టీమీటరు తీసి, బ్యాటరీ మైనస్‌కీ మీటరు ఎర్తుకీ మధ్య వోల్టేజీ ఎంతుందో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అది సున్నాకి దగ్గరగా లేకపోతే బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఒక వైరు లాగాలి. ఏడు రంగుల మీటరుకి డబ్బు దొరికే ఇంట్లో మల్టీమీటరుకి మాత్రం ఎప్పుడూ దొరకదు.

డిజిటల్ మీటరంటేనే నాకు మంట అని ఎవరూ అనుకోవద్దు. బండితోపాటు పుట్టిన డిజిటల్ మీటరుతో నాకు తగవు లేదు. దాని సెన్సరు దానిది, దాని లెక్క దానిది, వానలోనూ ఎండలోనూ పెట్టి చూసి బిగించారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌-6 బళ్ల మీటర్లలో ఇంజనుకి జబ్బు చేస్తే చెప్పే దీపం కూడా ఉంటుంది. ఆ మీటరు పీకేసి బజారుది పెట్టేవాడు ఆ దీపాన్ని కూడా పీకి పారేస్తున్నాడు. పాత బుల్లెట్ వాళ్లదీ ఇదే వరస. ఛార్జింగు ఎక్కుతోందో దిగుతోందో ముల్లుతో చెప్పే ఆంప్ మీటరును తీసేసి, ఆ కన్నంలో గడియారం పెట్టుకుంటారు. బ్యాటరీ ఏ టైముకి చచ్చిందో కచ్చితంగా తెలుస్తుంది.

మొదటి వానకి అద్దం లోపల ఆవిరి పట్టడం, రోహిణి కార్తె ఎండకి తెర నల్లబడడం, పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే అంకెలే మాయమవడం, ఇవన్నీ పెట్టె మీద రాయని అదనపు సదుపాయాలు.

అమ్మేవాళ్లకి ఒక మాట. ఆ పెట్టె మీద ‘అన్ని బైకులకూ’ అన్నది కొట్టేసి, ఏ వైరు ఎర్తో, ఏది తాళం కరెంటో, ఏది బ్యాటరీ నుంచి నేరుగా రావాలో, పెట్రోలు గీతలకి ఎన్ని ఓములు కావాలో పెద్ద అక్షరాల్లో అచ్చేయండి. కొనేవాళ్లకి ఇంకో మాట. మీరు ఎలాగూ ఆగరు కాబట్టి, పాత మీటరు విప్పే ముందు అందులోని కిలోమీటర్ల అంకెను ఫొటో తీసి పెట్టుకోండి, మీటరును తుక్కుకి వేయకుండా గుడ్డలో చుట్టి అటక మీద దాచండి. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. రేపు బండి బేరానికి వచ్చినవాడు ముందు అడిగేది ఆ పాత అంకెనే.