రంగు తరవాత, ముందు బ్రేకులు చూడు

పాత జీపు కొనడం ఇప్పుడో సరదా అయిపోయింది. మా వీధిలోనే రెండున్నాయి. ఒకటి హర్యానాలోని మండీ డబ్వాలీ నుంచి లారీ మీద దిగింది. రెండోది ఏదో ప్రభుత్వ శాఖ కండెమ్ చేసి వేలం వేస్తే, చేతులు మారి మారి ఇక్కడ తేలింది. రెండింటికీ కొన్న వారంలోపే కొత్త రంగు పడింది, లావు టైర్లొచ్చాయి, బంపరు మీద నాలుగు ఫోకస్ లైట్లు వెలిశాయి. సందు చివరిదాకా వెళ్ళి రమ్మంటే మాత్రం రెండూ మొరాయిస్తాయి.

మా రోజుల్లో జీపు సరదా బండి కాదు. పాడేరు ఘాట్ ఎక్కాలన్నా, మారేడుమిల్లి దాటి లోపలి ఊళ్ళకు వెళ్ళాలన్నా అదే దిక్కు. మహీంద్రా వాళ్ళు 1947 నుంచి విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 2.2 లీటర్లు. మూడు గేర్లు. పక్కన ముందు చక్రాలకు కూడా లాగుడు ఇచ్చే చిన్న గేర్‌బాక్సు. అంతే సరంజామా. బానెట్ ఎత్తితే ఏ తీగ ఎక్కడికి పోతుందో కంటికి కనిపించేది. అడవి మధ్యలో ఆగితే మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? డ్రైవరే మెకానిక్.

బండి స్టార్ట్ కాకపోతే మేం ముందు పానాలు తీసేవాళ్ళం కాదు. కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా, కంప్రెషన్ ఉందా, ఈ మూడు తేలాకే పానా చేతికొచ్చేది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే తీగ ఊడదీసి, ఇంజనుకి దగ్గరగా పట్టుకుని, పక్కవాణ్ణి సెల్ఫ్ కొట్టమనేవాళ్ళం. నీలంగా, చిటపటమని దూకితే కరెంటు బాగున్నట్టు. పసుపుపచ్చగా నీరసంగా వచ్చిందంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడాలి. అవి మాడి గుంటలు పడితే గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దిన మర్నాడే మళ్ళీ మాడాయంటే తప్పు పాయింట్లది కాదు, కండెన్సర్ పోయింది. ఇది తెలియనివాడు నెలకో జత పాయింట్లు కొంటూనే ఉంటాడు.

ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను కడుపులో సంగతంతా తెలిసిపోయేది. లేత గోధుమరంగైతే క్షేమం. పొడిగా నల్లమసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. నూనెతో తడిసి వచ్చిందంటే రింగులు అరిగాయేమోనని అనుమానించాలి. ఇక కంప్రెషన్ చూడటానికి మీటరు ఎవడి దగ్గరుంది? ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పడమే. రెండు చుట్లలో నాలుగుసార్లు గట్టిగా తగలాలి. ఒక్కచోట మెత్తగా జారిపోయిందా, ఆ సిలిండర్ ప్లగ్గు తీసి చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ తిప్పాలి. బిగువు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. ఈ పాఠం పెద్దవాళ్ళు మొట్టికాయ వేసి మరీ చెప్పేవాళ్ళు.

ఎండాకాలంలో ఘాట్ సగం ఎక్కేసరికి బండి గునిసేది. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై, కార్బురేటర్‌కి చుక్క అందదు. గోనెగుడ్డ తడిపి పంపు మీద కప్పి, చెట్టుకింద కాసేపు కూర్చుంటే దానంతటదే దారికొచ్చేది.

మరి ఇప్పుడో? బండి ఆగగానే ఫోను తీస్తారు. "తాతగారూ, కార్బురేటర్ పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టేశా" అన్నాడు పక్కింటి కుర్రాడు. "పోయిందని నీకెవడు చెప్పాడ్రా?" అంటే, వీడియోలో ఎవరికో ఇలాగే ఆగిందట, అతను కార్బురేటర్ మారిస్తే నడిచిందట! పొరుగూరివాడికి జ్వరమొస్తే ఇక్కడ మాత్ర మింగినట్టుంది. ముందు సామాను కొని, అది బిగించాక కూడా నడవకపోతే అప్పుడు ఆలోచిస్తారు. అప్పుడు కూడా ఆలోచన ఇంకో సామాను గురించే.

అలాగని అన్నీ మావే గొప్పలని చెప్పను. కంపెనీ మాన్యువల్ అనేది మేం కంటితో చూసింది తక్కువ. పాయింట్ల మధ్య సందు అగ్గిపెట్టె అట్టముక్కతో కొలిచిన కాలం మాది. ఈ కుర్రాడు మాన్యువల్ మొత్తం ఫోనులో దించుకుని, అంగుళంలో వెయ్యింట 20 వంతులని చదివి, ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాడు. బాడీ ఎర్తింగ్ ఎక్కడ వదులైందో చిన్న మీటరు పెట్టి ఇట్టే పట్టాడు. ఒప్పుకోబుద్ధి కాదుగానీ, అక్కడ వాడే నయం.

కొనేటప్పుడే చూపు తప్పుతోంది వీళ్ళకి. రంగు మెరుపు చూసి డబ్బిచ్చేస్తారు. నేనైతే ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళమంటాను. రేకుకి అంటుకోని చోటల్లా కింద పుట్టీయే. కాళ్ళకింద రబ్బరు మ్యాటు ఎత్తాలి, ఛాసిస్ కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరూ బండి మీదిదీ ఒకటేనా అన్నది అన్నిటికంటే ముందు. 15 ఏళ్ళు దాటిన కారు, జీపు తరగతి బండికి మళ్ళీ రిజిస్ట్రేషన్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెరిగింది. కాగితాలు తేడాగా ఉంటే ఆ ఖర్చుకు అంతుండదు.

లావు టైర్ల సంగతి అడక్కండి. ఆ బండికి పుట్టుకతో వచ్చింది 6.00-16 సైజు. దాని స్టీరింగు, కింగ్‌పిన్నులు, టై రాడ్ ఎండ్లు ఆ బరువుకే లెక్కవేసి చేసినవి. అరిగిపోయిన కింగ్‌పిన్నుల మీద ఏనుగుపాదాల్లాంటి టైర్లు ఎక్కించి, 50 దాటగానే స్టీరింగు వణుకుతోందని లబోదిబోమంటే ఎలా? పైగా, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

పెట్రోలు కూడా మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాలే. అది గాల్లో తేమను పీలుస్తుంది. నెలల తరబడి షెడ్డులో నిలబడే బండికి ట్యాంకు అడుగున తుప్పు, పాత రబ్బరు పైపులకి ఉబ్బు, పంపు డయాఫ్రమ్‌కి గండం. నడపనప్పుడు ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టమని చెబుతూనే ఉన్నాను. వింటేగా.

ఇక బ్రేకులు. ఆ కాలం జీపులో నాలుగు చక్రాలకీ మాస్టర్ సిలిండర్ నుంచి ఒకటే దారి. ఒక్క చక్రం దగ్గర లీకైతే నాలుగూ పోతాయి. హ్యాండ్‌బ్రేకు చక్రాలకి కాదు, గేర్‌బాక్సు వెనకున్న డ్రమ్ముకి పడుతుంది. గేరాయిల్ కారి ఆ డ్రమ్ము తడిసిందంటే అదీ లేనట్టే. అందుకే రంగు డబ్బా కొనేముందు నాలుగు డ్రమ్ములూ విప్పమని మొత్తుకున్నాను. మొత్తానికి పక్కింటివాడు నిన్న విప్పాడు. వీల్ సిలిండర్లలో రబ్బర్లు మార్చాడు. ఇక పైపుల్లోంచి గాలి తీయాలి.

గాలి తీయడానికి మా రోజుల్లో ఇద్దరు కావాలి. ఒకడు కింద నట్టు వదులు చేస్తుంటే, ఇంకొకరు పైన కూర్చుని "తొక్కు... పట్టు... వదులు" అన్నప్పుడల్లా పెడల్ తొక్కాలి. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళే, మా ఆవిడతో సహా. వీడేమో ఒక్కడే చేసుకునే పంపు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాడట, ఎల్లుండి వస్తుందట. అరుగు మీద పొద్దస్తమానం నేను ఖాళీగానే ఉంటానని వాడికి తెలియదూ?