ఇరవై రూపాయల సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

లీటరు నీళ్ల సీసా మెడ మీద, చుక్కలు చుక్కలుగా సిరా చల్లి వదిలేసినట్టు ఒక సూత్రం ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే చెమర్చి సగం చెరిగిపోయి ఉంటుంది. తాళపత్రంలో చెదలు తినేసిన చోటిని పండితుడు ఊహతో పూరించినట్టు, ఇక్కడ చెరిగిన అంకెను దుకాణదారు పూరిస్తాడు. ఆయన పూరించిన ప్రతిసారీ అంకె పెరగడం గమనార్హం.

కొలిచెలమ మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమం సమ్మతమే. రెండోది పాటిస్తే ఈ వ్యాఖ్యే ఉండదు.

మూలం

ఎం.ఆర్.పి. రూ. 20/- (అన్ని పన్నులు కలిపి)

ప్రతిపదార్థం

ఎం.ఆర్.పి. = గరిష్ఠ చిల్లర ధర; రూ. = రూపాయలు; 20 = ఇరువది; /- = ఇక ఆపైన ఏమియు లేదని తెలుపు అడ్డగీత; అన్ని పన్నులు = కేంద్రమునకు, రాష్ట్రమునకు చెరిసగముగా పోవు జీఎస్టీ; కలిపి = ఆ ఇరువదిలోనే ఇమిడ్చి. 'మించి అమ్మరాదు' అను క్రియ అధ్యాహార్యము.

తాత్పర్యం

ఓ దప్పిగొన్నవాడా! ఈ నీటిని నీకు ఇరవై రూపాయలకు మించి ఎవరూ అమ్మరాదు. తగ్గించి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు గానీ, అట్టి ప్రయోగాలు అరుదు.

కర్తృనిర్ణయం

శంక: ఈ సూత్రాన్ని రచించినది ఎవరు?

ప్రభుత్వమని లోకప్రసిద్ధి. బేరమాడబోయిన వాడికి "గవర్నమెంటు రేటండీ, నా చేతుల్లో ఏముంది" అని జవాబొస్తుంది. ఎక్కువ అడిగిన దుకాణదారుతో గొడవకు దిగినవాడు కూడా "గవర్నమెంటు ఇరవై అని పెడితే నువ్వు పాతిక అంటావేంటి?" అనే అంటాడు. కొట్టుకునేటప్పుడు కూడా ఇద్దరిదీ ఒకే పొరపాటు.

సమాధానం: ఇరవై అన్నది కంపెనీ మాట. సీసా నింపినవాడే తన లెక్కలు తాను వేసుకుని, పంపిణీదారు వాటా, దుకాణదారు వాటా, పన్ను అన్నీ కలుపుకుని, ఒక అంకె అనుకున్నాడు. ప్రభుత్వం చేసింది రెండే పనులు. ఆ అంకెను సీసా మీద అచ్చు వేయమంది. వేశాక దాన్ని దాటొద్దంది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద 2011లో వచ్చిన పొట్లాల సరుకుల నిబంధనలు చెప్పేది ఇంతే. అంకె ఎంత ఉండాలో చెప్పవు. అంకెల ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో మాత్రం చెబుతాయి. ఈ వింత నిష్ఠను ఎవరూ తగినంతగా మెచ్చుకోలేదని వ్యాఖ్యాత అభిప్రాయం: ధర ఎంతైనా ఫర్వాలేదు, కనబడాలి.

కనుక ఈ సూత్రానికి కర్త కంపెనీ, లేఖకుడిని నియమించినది ప్రభుత్వం, ప్రతిని కాపాడవలసినది తూనికలు కొలతల శాఖ.

శంక: వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ పౌరుడికి ఉండగా, నీ ధర నీ సీసా మీద రాసి తీరాలనడానికి సర్కారుకు అధికారం ఎక్కడిది?

సమాధానం: ఉత్సర్గం, అపవాదం అని రెండున్నాయి. రాజ్యాంగం 19(1)(జి)లో వ్యాపార స్వేచ్ఛ ఉత్సర్గం. 19(6)లో ప్రజాహితం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చన్నది అపవాదం. 301వ అధికరణం దేశమంతటా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగాలంటుంది. పక్కనే 302 ప్రజాహితం కోసమైతే పార్లమెంటు అడ్డుకట్ట వేయవచ్చంటుంది. ఇక తూనికలు కొలతల సంగతి: ప్రమాణాలు నెలకొల్పడం కేంద్రం జాబితాలోది. మిగతాది మొదట రాష్ట్రాలదే. 1976లో 42వ సవరణ దాన్ని లాగి ఉమ్మడి జాబితాలో వేసింది. అందుచేతనే ఢిల్లీలో రాసిన నిబంధనకు కోఠిలోనో గాజువాకలోనో రాష్ట్రోద్యోగి తనిఖీకి వస్తాడు.

కౌటిల్యుడికి ఇంత మొహమాటం లేదు. ఆయన అర్థశాస్త్రంలో తూనికరాళ్లకు నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని రాయికి జరిమానా. నిర్ణయించిన ధర మీద లాభం దేశపు సరుకుకైతే నూటికి ఐదు, పరదేశపు సరుకుకైతే పది. అక్కడ రాజ్యమే కర్త. ఇక్కడి ప్రభుత్వం వర్తకుడి చేత అతని మాటనే రాయించి, 'చూడు, నువ్వే అన్నావు' అని పట్టుకునే మధ్యవర్తి. మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఇంకో పద్ధతి. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని ఆయన రాతి మీద చెక్కించాడు. అంటే రాజు తనకు తానే గరిష్ఠ ధర వేసుకున్నాడు. నేటి ప్రభుత్వాలకు ఈ మూడో పద్ధతి మీద ఆసక్తి తక్కువ.

ప్రభుత్వమే స్వయంగా సూత్రకారుడైన చోట్లు లేకపోలేదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గుండె స్టెంట్లకు పరిమితి విధించింది. మందు పూసినదానికి 29,600 రూపాయలు, పూయనిదానికి 7,260. అంతకుముందు మందు పూసినదానికి లక్ష దాటి చెల్లించినవారు ఎందరో. రెండోది ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో వచ్చిన 99 రూపాయల క్వార్టర్. వందకు ఒకటి తక్కువ అనే ఈ అంకెల అలంకారం చెప్పుల కంపెనీల సొత్తని అనుకునేవాళ్లం. ఆ ఒక్క రూపాయి చిల్లర ఎంతమందికి చేతికొచ్చిందన్నది వేరే పరిశోధనకు తగిన విషయం.

గరిష్ఠపద విచారం

కర్త ఎవరో తేలాక 'గరిష్ఠ' పదం బరువు తెలుస్తుంది. అంకె కంపెనీదే అయినప్పుడు దాన్ని ఎంత పైకైనా పెట్టుకోవచ్చు. ఆషాఢం సేల్‌లో 1,999 కొట్టేసి 799 అని రాసిన చీర ఈ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తోంది. పాటించడం వల్లనే అమ్ముడుపోతోంది.

సరదా అక్కడితో అయిపోతుంది. 2018లో అదే ప్రాధికార సంస్థ ఢిల్లీ పరిసరాల్లో నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేసింది. సిరంజిలు, గ్లౌజులు, మందుల వంటి వాటి మీద లాభం కొన్నింట 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. అచ్చేసిన ఎమ్మార్పీని దాటనక్కర లేకుండానే. టోకున కొనే ఆసుపత్రి కోరుకున్నట్టు కంపెనీ ఎక్కువ అంకె అచ్చేసి ఇస్తే, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చి చూసినా సలాం కొట్టి వెళ్లవలసిందే. మంచం మీద ఉన్నవాడు బేరమాడడు. ఈ సూత్రానికి ఇంతకంటే పెద్ద దోషం వ్యాఖ్యాతకు కనబడలేదు. కూలింగ్ చార్జీ దీని ముందు పసిపిల్ల.

పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు

'(అన్ని పన్నులు కలిపి)' అను కుండలీకరణం ప్రాచీన ప్రతులలో లేదు. 1990కి ముందు 'స్థానిక పన్నులు అదనం' అనే పాఠం చలామణిలో ఉండేది. ఆ పన్ను ఎంతో దుకాణదారుకు ఒక్కడికే తెలుసు. ఒక్కోసారి ఆయనకూ తెలియదు. 1990లో పన్నులు లోపలే ఉండాలని నిబంధన మార్చారు. ఇన్నేళ్లలో ఈ సూత్రానికి జరిగిన అసలైన సంస్కరణ ఇదేనని, ఇది బ్రాకెట్లో దాగి ఉండటం వల్ల ఎవరూ పొగడలేదని వ్యాఖ్యాత ఖేదం.

ప్రక్షిప్తమనగా స్టిక్కరు. దీని విషయంలో నిబంధన రాసినవారు మంచి పరిష్కర్తలు. ధర తగ్గిస్తే కొత్త ధరతో స్టిక్కరు అతికించవచ్చు, కానీ అది మూలపాఠాన్ని కప్పకూడదు. రెండూ కనబడాలి. ధరను చెరిపినా దిద్దినా నేరమే. మన ప్రాచీన కావ్యాలకు ఇలాంటి ఇన్‌స్పెక్టరు ఒకడు ఉండి ఉంటే ఎంత బాగుండేది.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు ఈ స్టిక్కర్లకు మహర్దశ పట్టింది. నీళ్ల సీసా మీద, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం ఇరవై రూపాయల సీసా 17 రూపాయల 80 పైసలు. ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం 4 రూపాయల 45 పైసలు. అయితే పావలాను, అంతకంటే చిన్న నాణేలను 2011 జూన్ 30తో సర్కారే రద్దు చేసింది. నలభై ఐదు పైసలు ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ దేశంలో లోహం లేదు. ఒక చేత్తో నాణెం తీసేసి, ఇంకో చేత్తో పైసల ధర రప్పించిన అధికారం ఒక్కటే కావడం విశేషం. రైల్వే వారు మాత్రం బుద్ధిగా తమ రైల్ నీర్ లీటరు సీసాను 15 నుంచి 14 రూపాయలు చేశారు. ప్లాట్‌ఫారం మీద ఆ ఒక్క రూపాయి కోసం రైలు కదిలేదాకా నిలబడే ప్రయాణికుడు ఉంటే అతడే ఈ సూత్రానికి నిజమైన పాఠకుడు.

బిస్కెట్లది ఇంకో దారి. అక్కడ ఐదు అనే అంకెను ముట్టుకోరు, గ్రాములను అటూ ఇటూ జరుపుతారు. కొన్ని సరుకులను ఫలానా తూకాల్లోనే పొట్లం కట్టాలని చెప్పే పట్టిక ఒకటి నిబంధనల్లో ఉండేది. 2022లో దాన్ని తీసేసి, గ్రాముకు ఎంతో, మిల్లీలీటరుకు ఎంతో అచ్చు వేయాలన్నారు. ఆ లెక్కన 55 గ్రాముల ఐదు రూపాయల పొట్లం మీద గ్రాముకు 9 పైసలని ఉండాలి. భూతద్దం వెల వేరు.

వివాదస్థలం: కూలింగ్ చార్జీ

ఇక్కడ ప్రసిద్ధమైన పూర్వపక్షం ఒకటి ఉంది.

"అన్నా, ఇరవై ఉంది కదా సీసా మీద?"

"కూలింగ్ చార్జ్ సార్. బయట పెట్టింది కావాలంటే ఇరవైకే తీస్కోండి."

ఈ వాదాన్ని తేలిగ్గా తీసివేయరాదు. దుకాణదారు చెప్పేది: సూత్రం నీటికి, చల్లదనానికి కాదు. కంపెనీ నీళ్లు నింపింది, చలువ నేను పోశాను. నా ఫ్రిజ్, నా కరెంటు బిల్లు. ఎండలో నువ్వొచ్చి కోరింది నీటినా, చలువనా?

సిద్ధాంతం: నిబంధనల్లో 18వది చిల్లర వ్యాపారి అచ్చేసిన ధరకు మించి అమ్మరాదంటుంది. వేడిగా, చల్లగా అని విశేషణాలు పెట్టలేదు. విశేషణం లేనిచోట సామాన్యార్థమే గ్రాహ్యం. కాబట్టి కూలింగ్ చార్జీ చెల్లదు.

ఇంతలో పెద్ద హోటలు తలుపు తీసుకుని మరో పూర్వపక్షి వచ్చాడు. 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆయన మాట ఒప్పుకుంది. హోటలుకో రెస్టారెంటుకో వచ్చినవాడు ఒట్టి నీళ్ల సీసా కొనుక్కుపోవడానికి రాడు. కుర్చీ, బల్ల, వాతావరణం, వడ్డన అన్నీ కలిసిన సేవ కోసం వస్తాడు. కనుక అక్కడ ఎమ్మార్పీని మించి తీసుకోవచ్చు. ఈ తీర్పులోని తర్కం శుద్ధమైనదే. చిక్కల్లా అది ఎక్కడ ఆగాలన్నదే. బస్టాండు పక్క దుకాణంలో ప్లాస్టిక్ స్టూలు ఉంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. దుకాణదారు ఊరి రాజకీయాలు ఉచితంగా వినిపిస్తున్నాడు. ఇది సేవ కాదా? కాదు, ఎందుకంటే ఆయన దగ్గర మెనూ లేదు. ఫలితంగా చల్లటి గదిలో నూట యాభై పుచ్చుకున్నవాడికి న్యాయం తోడు నిలుస్తుంది, ఎండలో ఐదు పుచ్చుకున్నవాడి మీద కేసు రాస్తారు. ఇద్దరిలో ఎవరి ఫ్రిజ్ బిల్లు వాళ్లకు ఎక్కువ బరువో కోర్టు ముందుకు రాలేదు.

మల్టీప్లెక్సులు, విమానాశ్రయాలు తర్కం దాకా పోనేలేదు. అదే సీసా మీద తమ కోసం వేరే ఎమ్మార్పీ అచ్చేయించుకునేవి. ఒకే గ్రంథానికి పేదలకొక ప్రతి, సినిమా చూసేవారికొక ప్రతి. 2018 జనవరి 1 నుంచి ఆ జంట ధరలు చెల్లవన్నారు.

ప్రమాణ విచారం

కూలింగ్ చార్జీ మీద ఫిర్యాదు చేయదలచినవాడికి 1915 నంబరు ఉంది. అక్కడ మొదట అడిగేది బిల్లు. ఇరవై రూపాయల సీసాకు బిల్లు ఇచ్చే దుకాణం ఉండదు. ఉన్నా బిల్లులో ఇరవయ్యే ఉంటుంది. కూలింగ్ చార్జీ శ్రుతి. నోటితో చెప్పేదే గానీ ఎక్కడా రాయరు. ఈ మధ్య ఫోన్‌తో చెల్లించడం వచ్చాక ఆ శ్రుతికీ సాక్ష్యం పుట్టింది. గల్లాపెట్టె పక్కన సౌండ్ బాక్స్ "ఇరవై అయిదు రూపాయలు అందాయి" అని నలుగురూ వినేలా చెబుతోంది, చెల్లించినవాడి ఫోన్‌లో తేదీ, గంట, నిమిషంతో సహా నమోదవుతోంది. అందుకని తెలిసిన దుకాణదారులు ఇరవై మాత్రం ఫోన్‌లో కొట్టించుకుని, మిగతా ఐదు చిల్లర ఉంటే చేతికిమ్మంటున్నారు.