చిమ్నీలో ఏకాదశి

భిలాయిలో పిల్లల ముందు బ్లాక్స్ డబ్బా కుమ్మరిస్తే మొదట లేచేది ఇల్లు కాదు, చిమ్నీ. ఊరే అలాంటిది మరి. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. డెన్మార్క్‌లో లెగో కంపెనీ తన బుడిపెల ఇటుకకు పేటెంటు కోరింది 1958 జనవరి 28న. అంటే వరసకి ఇటుకే అన్న, ఫర్నేసు తమ్ముడు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అప్పట్లో లెగో దొరికే దారి లేదు. సుపేలా ఆదివారం బజారులో దాని దూరపు చుట్టం దొరికేది, అదీ బేరమాడితే. కొన్నాళ్ళకే ఆ ఇటుకలు పట్టు వదిలేసి, అంతస్తులన్నీ పక్కకు ఒరిగేవి. పిల్లలు గోడ మీది తెలుగు క్యాలెండరు మూల చింపి, నాలుగు మడతలు పెట్టి, బుడిపెల మధ్య కుక్కేవారు.

"ఏకాదశి ఎప్పుడ్రా?" అని నానమ్మ అడిగితే జవాబు, "చిమ్నీలో ఉంది నానమ్మా."

గట్టిగా అతుక్కున్నవాటిని పళ్ళతో ఊడదీయడం ఇంకో విద్య. అంచుల మీది గాట్లు చూసి ఏది అన్నది, ఏది పాలపళ్ళ చెల్లిది అని పంచాయితీ తీర్చేవారు. కాస్త కలిగిన ఇళ్ళలో ఇనుప రేకులు, నట్లు, బోల్టుల మెకానిక్స్ సెట్టు ఉండేది. ఫిట్టరు నాన్న "ఇలా ఇవ్వు, చూపిస్తా" అని కూర్చున్నాడంటే, ఆ పూటకి స్పానరు పిల్లాడి చేతికి రానట్టే. అదే నాన్న నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, సేఫ్టీ బూట్లు గుమ్మంలో విప్పి, వట్టి కాలితో బ్లాక్ తొక్కితే వీధంతా లేచేది.

ఇప్పుడు లెగో టైటానిక్‌లో 9,090 ముక్కలు, డబ్బా మీద పద్దెనిమిదేళ్ళు నిండాలన్న షరతు. ఆడపిల్ల పెళ్ళికైనా, ఓటుకైనా, బొమ్మకైనా అదే వయసన్నమాట! బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి ఎక్కింది కాబట్టి జీతం కూడా ఉండాలి.

ధర సంగతి సరే, అసలు చిక్కు డబ్బా లోపలుండే, ఎలా కట్టాలో చెప్పే పుస్తకంతో. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఆరుంటే 91,51,03,765 రకాలుగా కలపవచ్చని లెక్క తేల్చారు. పుస్తకం ఒప్పుకునేది ఒక్క రకమే. డ్రాయింగు ప్రకారం కట్టడం నాన్న డ్యూటీ; ఇప్పుడు పిల్లాడికీ అదే డ్యూటీ, ఓవర్‌టైము కూడా లేకుండా.

డబ్బా కొనేవారు కొనండి. పుస్తకం మాత్రం ఒక వారం దాచండి. ఎక్కడ దాచారో నాన్నలకు అస్సలు చెప్పకండి.