అల్లిక టర్కీల ఆవిడ

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ రోజు భోజనాల బల్ల మీద కొన్ని ఇళ్లలో రెండు టర్కీ కోళ్లు కనిపిస్తాయి. ఓవెన్‌లో కాలిన దాన్ని చూసి అందరూ లొట్టలేస్తారు. ఊలుతో, క్రోషా సూదితో అల్లిన దాన్ని చూసి మర్యాదకు తలాడిస్తారు. దాన్ని అల్లిన ఆవిడను పనీపాటా లేని మనిషని తేల్చేయడం ఎవరికైనా తేలికే. నా లెక్కలో మాత్రం ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరిలో పండగ విషయంలో నిజాయితీగా ఉన్నది ఆవిడే.

ఆవిడను గుర్తుపట్టడం కష్టం కాదు. జనం ఐస్‌క్రీముల వెంటపడే ఆగస్టులోనే ఆవిడ ఒళ్లో ముదురు నారింజ ఊలుండ ఉంటుంది. డాక్టరు కోసం కూర్చున్నా, పిల్లల ఆట చూస్తున్నా చెయ్యి ఆగదు. పలకరిస్తే పలకదు, కుట్లు లెక్కపెట్టుకుంటోందన్నమాట. రెట్టించి పలకరిస్తే లెక్క తప్పి వరసంతా విప్పుతుంది, విప్పుతూ మీ వంకే చూస్తుంది. గుండ్రటి ఒళ్లు అల్లి, లోపల దూది కూరి, నల్ల కళ్లు తగిలించేదాకా అంతా పద్ధతిగానే సాగుతుంది. తోక దగ్గరికొచ్చేసరికి అసలు మనిషి బయటపడుతుంది. ఎరుపు, పసుపు, ఊదా, చివరికి గులాబీ! ఇందులో కళాదృష్టి ఎంతో, బుట్టలో మిగిలిపోయిన ఊలు ముక్కల ఒత్తిడి ఎంతో చెప్పలేం. బుట్ట పొంగిపొర్లుతున్నా మళ్లీ కొత్త ఊలు కొంటుంది. అది వేరే జబ్బు, దాని జోలికి పోను.

టర్కీకి గులాబీ రంగు తోకేమిటని నవ్వేవాళ్లు ఒక సంగతి గమనించరు. అడవి టర్కీ ఈకలు ఎండ తగిలితే రాగి, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో మెరుస్తాయి. మగపక్షి తల ఉద్రేకాన్ని బట్టి ఎరుపు, నీలం, తెలుపు రంగులకు మారుతుంది. ఫారాల్లో పెంచేది మాత్రం తెల్ల ఈకల జాతి. పీకినప్పుడు మిగిలిన ఈక మొదళ్లు చర్మం మీద నల్లగా కనబడకూడదని ఆ జాతినే ఎంచుకున్నారు. కాబట్టి పళ్లెంలో ఉన్న నిజం కోడి కంటే ఊలుకోడే అసలు టర్కీకి దగ్గర.

అయినా సంప్రదాయం ఒకటుంది కదా అంటారా? ఈ పండగకు మూలమని చెప్పుకునే విందు 1621లో ప్లిమత్‌లో జరిగింది. దాని గురించి అక్కడి వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో అయిదు జింకలున్నాయి, వేటాడి తెచ్చిన పక్షులున్నాయి, టర్కీ పేరు లేదు. ఏటా దేశమంతా ఒకేరోజు చేసుకునే పండగగా ఇది స్థిరపడడం వెనక సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలి మొండితనం ఉంది. ఏళ్ల తరబడి గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాసి, 1863లో లింకన్ చేత ప్రకటన చేయించేదాకా ఆవిడ వదల్లేదు. ఆ హేల్ నడిపిన గోడీస్ లేడీస్ బుక్ పత్రికలో క్రోషా అల్లికల నమూనాలు కూడా వచ్చేవి! పండగకు అల్లికతో చుట్టరికం లేదని ఇక ఎవరంటారు?

దుకాణంలో కొన్ని డాలర్లకే దొరికేదానికి ఇన్ని నెలల శ్రమా అనేది గట్టి ప్రశ్నే. అయితే క్రోషాకు ఇప్పటికీ మనిషి చెయ్యి కావాలి. చవకగా దొరికే క్రోషా బొమ్మ కూడా ఎక్కడో ఎవరో వంచిన నడుమే. పశ్చిమగోదావరిలో, నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లికతో తరతరాలుగా బతుకుతున్న ఆడవాళ్లకు ఆ చవక ఎవరి జేబులోంచి వస్తుందో బాగా తెలుసు. అమెరికా ఆవిడ తన ఊలు తానే కొనుక్కుని, కూలి అడక్కుండా అల్లుతుంది. ఆ వెసులుబాటు వీళ్లకు లేదు.

ఒక్క ఆరోపణకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆవిడ వాటిని పంచిపెడుతుంది, మరుసటి ఏడాది వచ్చి ఎక్కడ పెట్టారో చూస్తుంది. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఒక మాట. పక్కింటావిడ తెచ్చిస్తే రెండు చేతులా అందుకోండి, నెమలి భలే ఉందండీ అని మాత్రం అనకండి. పండగ మర్నాడు శుక్రవారం పొద్దున ఆవిడ క్రిస్మస్ కోసం రెయిన్‌డీర్లు మొదలుపెడుతుంది, వాటికీ ఒక అర ఖాళీ చేసి ఉంచండి.