క్రాన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: 0 2 * * * బ్యాకప్.ఎస్‌హెచ్ > /డెవ్/నల్ 2>&1

అవతారిక: దూరాన ఉన్న సర్వర్ నుంచి రోజూ వచ్చిపడే మెయిళ్లకు విసిగిన అడ్మిన్ ఒకడు క్రాన్‌టాబ్‌లో ఈ సూత్రం పలుకుతున్నాడు.

ప్రతిపదార్థం: 0 = సున్నా నిమిషమందు; 2 = రాత్రి రెండు గంటలకు; * * * = ఏ తేదీ, ఏ నెల, ఏ వారమైనను (వర్జ్యం పట్టింపు లేదని భావం); బ్యాకప్.ఎస్‌హెచ్ = ఆ పేరుగల స్క్రిప్టు; > = తాను పలికినదెల్ల; /డెవ్/నల్ = ఎంత పోసినా నిండని, పోసినది తిరిగిరాని చోట పడవేయునది; 2 = తప్పులు చెప్పుకొనే రెండో దారిని; >&1 = మొదటిది ఎటు పోయెనో అటే పంపునది.

తాత్పర్యం: రాత్రి రెండింటికి బ్యాకప్ జరుగును. జరగనిచో ఎవరికిని తెలియదు.

టీక: స్క్రిప్టు ఏం పలికినా యజమానికి మెయిల్ చేయడం క్రాన్ సహజగుణం. స్క్రిప్టు నోరు విప్పకపోతే తానూ ఊరుకుంటుంది. "మొదలైంది, సగమైంది" అని అడుగడుగునా వాగిన తప్పు స్క్రిప్టుది. శిక్ష మెయిలుకు పడింది. పైగా క్రాన్ ఇచ్చే పాత్ చాలా పొట్టిది. పగలు చేత్తో నడిపితే దొరికే కమాండు రాత్రి దొరకదు. "కమాండ్ నాట్ ఫౌండ్" అన్న మొర డెవ్‌నల్‌లో కలుస్తుంది. మిగిలేది 127 అనే ఎగ్జిట్ కోడ్. ఆ అంకె చూసి మెయిల్ పంపే అలవాటు మామూలు క్రాన్‌కు లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "2>&1 > /డెవ్/నల్" అని ఉంది. లేఖకదోషం అనుకోరాదు. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. మొదటి దారి ఇంకా మెయిలు వైపే ఉండగా రెండోది దాని వెంట చేరుతుంది; ఆ తర్వాత గాని మొదటిది డెవ్‌నల్‌కు మళ్లదు. కబుర్లు పోతాయి, తప్పులు ఇంటికి చేరతాయి. నాకు ఈ పాఠమే సమ్మతం. (నిజానికి 2>&1 అన్న తోక కోసేసినా ఫలితం ఇదే.)

పూర్వపక్షం: తప్పు మెయిలు రాలేదంటే బ్యాకప్ అయినట్టే కదా?

సమాధానం: కరెంటు పోయి పడి ఉన్న మెషీను ఏ మెయిలూ పంపదు. ఇక్కడ భాట్ట మీమాంసకులే దిక్కు. కుండ కనబడకపోవడమే కుండ లేదనడానికి ప్రమాణమని వారు అనుపలబ్ధిని ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నారు, నైయాయికులు ఒప్పుకోలేదు. సర్వర్లు కాసేవారందరూ మీమాంసక పక్షమే. స్క్రిప్టు పని ముగించి వేరే చోట ఉన్న సర్వర్‌కు ఒక పింగ్ కొట్టాలి. రెండున్నరకల్లా అది అందకపోతే ఆ సర్వరే అడ్మిన్‌ను నిద్ర లేపాలి.

ఆ పింగ్‌లో ఏముండాలి? ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మన మెదక్ సీమ కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్యానాల మొదట్లోనే మాటిచ్చాడు. లాగ్ రాసేవారికి ఇంతకు మించిన నియమం నేనెరుగను. మెషీను పేరు, స్క్రిప్టు వెర్షన్, యూటీసీ టైము, ఎగ్జిట్ కోడ్, తప్పుల చివరి నాలుగు లైన్లు చాలు. పాస్‌వర్డు అక్కరలేనిది. ఫైలు సైజు మాత్రం అక్కరైనదే: డేటాబేసు డంపును జిప్‌లోకి పైపు చేస్తే, డంపు చచ్చినా జిప్ బతికితే షెల్ 0 అనే చెబుతుంది.

చదువరులారా, ఈ పూటే మీ సర్వర్‌లో క్రాన్‌టాబ్ తెరిచి చూడండి. ఆ తోక కనిపిస్తే కోసేయండి.